డోనెపెజిల్ రాసేముందు

శ్రావణీ,

అల్జీమర్స్‌కు రాసే డోనెపెజిల్ అసిటైల్‌కోలిన్ మందే కదా, మధ్యలో నార్ఎడ్రినలిన్ ఊసెందుకు అని అడిగావు. ఆ ఊసెత్తకపోతే అల్జీమర్స్‌ను సగమే చదివినట్టు.

అనాటమీ ల్యాబ్‌లో మెదడు కాండాన్ని పాన్స్ దగ్గర అడ్డంగా కోసినప్పుడు వంగి చూడు. నాలుగో జఠరిక నేలకు చెరోపక్కా ముదురు నీలం చుక్క కనిపిస్తుంది. అదే లోకస్ సెరూలియస్. రెండు వైపులవీ కలిపినా సుమారు 50 వేల కణాలే. కానీ కార్టెక్స్‌కూ హిప్పోకాంపస్‌కూ నార్ఎడ్రినలిన్ అందేది అక్కణ్ణించే. మెలకువ, ధ్యాస, కొత్త సంగతి మనసులో నాటుకోవడం, అన్నిట్లోనూ దాని చెయ్యి ఉంది. అల్జీమర్స్‌లో టావ్ ప్రోటీన్ మొట్టమొదట పేరుకునే చోట్లలో ఇదొకటి. జబ్బు ముదిరి పోయినవారి మెదడులో ఆ నీలం వెలిసిపోయి ఉంటుంది.

డోనెపెజిల్, రివాస్టిగ్మిన్ అసిటైల్‌కోలిన్‌ను విడగొట్టే ఎంజైమ్‌ను ఆపుతాయి. అలా నిలిచిన అసిటైల్‌కోలిన్ ఈ నీలి కణాలనూ తట్టి లేపుతుంది. ఎలుకల కార్టెక్స్‌లో కొలిచినప్పుడు ఈ తరగతి మందులతో నార్ఎడ్రినలిన్ కూడా పెరిగింది. అయితే, తట్టడానికి కణాలు మిగలాలి కదమ్మా! ఈ మందుల మేలు కొద్దిపాటిదే కావడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

నేరుగా నార్ఎడ్రినలిన్‌నే పెంచితే? అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్లు జ్ఞాపకశక్తి కాస్త తగ్గిన పెద్దలకు అటొమోక్సెటిన్ ఇచ్చి చూశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. వెన్నునీటిలో నార్ఎడ్రినలిన్ పెరిగింది, టావ్ తగ్గింది. ఆర్నెల్ల వాడకంలో జ్ఞాపకశక్తి మాత్రం మెరుగవలేదు. గుండె వేగం పెరిగింది. అమిట్రిప్టిలిన్ సంగతి ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకో. అదీ నార్ఎడ్రినలిన్‌ను పెంచేదే, కానీ అసిటైల్‌కోలిన్ గ్రాహకాలను మూసేస్తుంది కాబట్టి ముసలివాళ్ల మతిని మరింత చెడగొడుతుంది. నిద్ర పట్టట్లేదనో ఒళ్లు నొప్పులనో ఎవరో రాసిచ్చిన ఆ బిళ్లనే ఏళ్ల తరబడి మింగేవాళ్లున్నారు.

అందుకని డోనెపెజిల్ రాసేముందు రోగి మందుల సంచీ మొత్తం మంచం మీద పోయించు. అమిట్రిప్టిలిన్ ఉందేమో చూడు. బీటా బ్లాకర్ ఉంటే నాడి పట్టుకుని నిమిషం పూర్తిగా లెక్కపెట్టు. డోనెపెజిల్, బీటా బ్లాకర్ కలిస్తే గుండె మరీ నెమ్మదించవచ్చు. డోనెపెజిల్ మొదలుపెట్టాక రాత్రి పీడకలలు వస్తున్నాయేమో ఇంట్లోవాళ్లను అడుగు. వస్తుంటే బిళ్లను పొద్దుటికి మార్చే విషయం మీ ప్రొఫెసర్‌గారితో మాట్లాడు.

ఇట్లు,
పెదనాన్న