లోహ వర్తకులకు పాఠం: పేర్చి చెక్కే యంత్రం, తుక్కు లెక్క

లోహపు దిమ్మెను కొని, అక్కరలేని భాగమంతా చెక్కివేసి వస్తువు తయారుచేయడం ఇంజనీరింగు కర్మాగారాల్లో పాత పరిపాటి. హైబ్రిడ్ పద్ధతి దీనికి భిన్నం. ఇందులో లోహపు పొడిని గాని, తీగను గాని లేజరు వంటి వేడితో కరిగించి పొర మీద పొరగా పేర్చుతారు. పేర్చినది గరుకుగా ఉంటుంది గనుక, అదే యంత్రంలోని మిల్లింగు పనిముట్టు దానిని కొలతకు చెక్కుతుంది.

జపాన్‌కు చెందిన మత్సూరా సంస్థ 2000 దశకం తొలి సంవత్సరాలలోనే ప్లాస్టిక్ అచ్చుల తయారీకి ఇటువంటి యంత్రాన్ని తెచ్చింది. డి.ఎం.జి. మోరీ 2013లో లేజర్‌టెక్ 65 త్రీడీని, మజాక్ 2014లో ఇంటెగ్రెక్స్ ఐ-400 ఎ.ఎం.ను ప్రదర్శించాయి. విమాన భాగాలు, అచ్చులు, అరిగిన టర్బైన్ బ్లేడ్ల మరమ్మతు వీటి ముఖ్య రంగాలు.

వర్తకులు గమనించవలసింది తుక్కు లెక్క. టైటానియం విమాన భాగాల్లో 10 కిలోల దిమ్మె నుంచి 1 కిలో వస్తువు మాత్రమే రావడం కద్దు. ఉదాహరణకు దిమ్మె కిలో రూ. 100, పొడి రూ. 600 అనుకుందాం. పాత పద్ధతిలో లోహానికి రూ. 1,000 ఖర్చు. పేర్చే పద్ధతిలో ఒకటిన్నర కిలో పొడి చాలితే ఖర్చు రూ. 900. పొడి చౌక అనిపిస్తుంది. అయితే, మిగిలిన 9 కిలోల తుక్కు కిలో రూ. 20కి అమ్ముడుపోతే రూ. 180 తిరిగి వస్తుంది. అప్పుడు దిమ్మె ఖర్చు రూ. 820కి దిగి, దానిదే పైచేయి అవుతుంది. తుక్కు ధర పడిపోతే మళ్లీ పొడికి మొగ్గు. యంత్రం గంటల ఖర్చు దీనికి అదనం.

కాబట్టి మామూలు ఇనుప కడ్డీల వర్తకులు దీనికి బెదరనక్కరలేదు. చౌక సరకులో ఈ లెక్క కిట్టదు. టైటానియం, నికెల్ మిశ్రమ లోహాల వారు మాత్రం దిమ్మె, పొడి, తుక్కు ధరలు మూడింటినీ కలిపి చూసుకోవాలి. అరిగిన అచ్చుపై లోహం పేర్చి బాగుచేస్తే కొత్త దిమ్మెకు ఆర్డరు ఉండదన్నదీ లెక్కలో వేసుకోవాలి.

చివరగా ఒక హెచ్చరిక. పొడిని కడ్డీలవలె గోదాములో పడవేయరాదు. తేమ సోకితే నాణ్యత చెడుతుంది. టైటానియం పొడికి నిప్పు భయం కూడా ఉంది. రేణువుల పరిమాణం, లాటు సర్టిఫికెట్ లేని పొడిని విమాన రంగం కొనదు. ఆర్డరు చేతికి వచ్చాకే సరకు తెప్పించుకోవడం క్షేమం.