పట్టేసిన ఇంజను మార్చే ముందు

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో కర్మాగారాలు పెరిగాయి, మేత బీళ్లు తగ్గాయి. పాడి పశువులకు చొప్పే ఆధారమైన ఇళ్లు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి. చొప్పను నిలువునా వేస్తే పశువు ఆకు తిని కాడను తొక్కేస్తుంది. ముక్కలుగా కోసి వేస్తే కాడ కూడా తింటుంది. ఈ పని చేసే చాఫ్ కట్టరుకు నేడు చాలచోట్ల కరెంటు మోటారు ఉన్నా, కొన్ని దొడ్లలో ఇంకా డీజిలు ఇంజనే తిప్పుతోంది. ఆ ఇంజను పట్టేసినపుడు ఏమి చేయాలో ఇక్కడ వివరిస్తున్నాము.

నిజంగా ఇంజనేనా?

ముందుగా డీజిలు కట్టివేసి, బెల్టు తీయండి. బెల్టు తీయగానే ఇంజను తిరిగితే దోషం కట్టరులోనిది. రోలర్ల మధ్య చొప్ప ఇరుక్కుని ఉండవచ్చు. అప్పటికీ తిరగకపోతే ఇంజెక్టరు విప్పి, చక్రాన్ని చేతితో మెల్లగా తిప్పి చూడండి. సిలిండరులోకి నీరు చేరితే కూడా ఇంజను పట్టేసినట్లే ఉంటుంది. అలాంటప్పుడు ఇంజెక్టరు రంధ్రం గుండా నీరు చిమ్ముతుంది, కనుక ముఖం అడ్డు పెట్టరాదు.

వానాకాలమంతా వాడక తుప్పు పట్టిన ఇంజనైతే, అదే రంధ్రం గుండా కొద్దిగా డీజిలు, ఇంజనాయిలు కలిపి పోసి ఒక రోజు నాననివ్వండి. చక్రంలో గడ్డపార పెట్టి బలవంతంగా తిప్పరాదు. కదిలితే సంపులోని ఆయిలు మార్చిన తరువాతనే స్టార్టు చేయవలెను. పోసిన డీజిలు కిందికి దిగి ఆయిలును పలుచన చేస్తుంది.

నడుస్తూ నడుస్తూ వేడెక్కి ఆగిపోయినదైతే పిస్టను లైనరును కరచి ఉంటుంది. మెకానిక్కుతో విప్పించి, బాగుచేసే ఖర్చును కొత్తదాని ధరతో పోల్చి నిర్ణయించండి. ఏది చేసినా, ఎందుకు పట్టేసిందో ముందు తేల్చుకోవాలి. ఆయిలు తగ్గిందా? నీటితో చల్లబడే ఇంజనులో నీరు ఇంకిపోయిందా? గాలితో చల్లబడే ఇంజను రెక్కల మధ్య చొప్ప దుమ్ము పేరుకుందా? కారణం అలాగే ఉంటే కొత్త ఇంజనూ పట్టేస్తుంది.

కొత్తది కొనేటప్పుడు

అశ్వశక్తి ఒక్కటే చూస్తే చాలదు. నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది, ఏ వైపు తిరుగుతుంది, షాఫ్టు లావు ఎంత, బోల్టు రంధ్రాలు ఎక్కడ ఉన్నాయి అన్నవి కూడా కొలుచుకొని వెళ్లండి.

మేము చూచిన ఒక దొడ్డిలో 600 చుట్ల పాత ఇంజను స్థానంలో 1500 చుట్ల ఇంజను బిగించారు. పుల్లీ మాత్రం పాతదే, 12 అంగుళాలది. కట్టరు రెండున్నర రెట్ల వేగంతో తిరిగింది. కత్తి బోల్టు తెగి, కత్తి ఎగిరి గోడకు తగిలింది. చొప్ప అందించే మనిషి అప్పుడే మోపు తేవడానికి పక్కకు వెళ్లింది కనుక బ్రతికిపోయింది.

లెక్క సులభమే. 600ను 12తో హెచ్చిస్తే 7200. దానిని 1500తో భాగిస్తే 4.8. అంటే ఆ ఇంజనుకు సుమారు 4¾ అంగుళాల పుల్లీ సరిపోతుంది. ఇంత చిన్న పుల్లీ మీద చదును బెల్టు జారుతుంది, కనుక రెండు వైపులా వి-బెల్టు పుల్లీలు వేయించండి. ఇంజను ఎదురు దిశలో తిరిగేదైతే చదును బెల్టును మెలివేసి సరిచేయవచ్చు. వి-బెల్టుతో అది కుదరదు.

బిగించిన తరువాత

రెండు పుల్లీలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో దారం పట్టి చూడండి. కత్తుల బోల్టులు మళ్లీ బిగించి, బెల్టుకు, చక్రానికి రేకు కప్పు పెట్టండి. మొదట చొప్ప వేయకుండా, ఎవరూ కత్తుల చక్రానికి ఎదురుగా నిలబడకుండా నడిపి చూడవలెను. తొలి గంటలలో పూర్తి భారం మోపరాదు. ఆయిలు రకం, మార్చే గడువు ఇంజనుతో వచ్చిన పుస్తకంలో ఉన్నట్లే పాటించండి.

రోజూ స్టార్టు చేసే ముందు ఆయిలు కొలపుల్ల చూచే పనిని ఒక్కరికే అప్పగించండి. అందరి పని అనుకుంటే ఎవరూ చూడరు. ఆ ఒక్క నిమిషం ఇంజనునే కాదు, చొప్ప అందించే చేతులను కూడా కాపాడుతుంది.