సర్పిస్సు, తైలము, వస

దేవుని కడప దర్శనానికి వచ్చిన ఒక దాత ఇటీవల నన్ను ఇలా అడిగారు: “నెయ్యి కూడా పశువు నుండి వచ్చే కొవ్వే కదండీ! అది నైవేద్యానికి పనికివచ్చినప్పుడు పశువుల కొవ్వు ఎందుకు పనికిరాదు?” 2024లో తిరుమల లడ్డూ నేతిపై వివాదం రేగి, సుప్రీంకోర్టు స్వతంత్ర దర్యాప్తు బృందాన్ని నియమించిన నాటినుండి ఇటువంటి సందేహాలు తరచుగా వినవస్తున్నాయి.

చరకసంహిత సూత్రస్థానంలో పదమూడవది స్నేహాధ్యాయం. ఇక్కడ స్నేహమనగా జిడ్డు. గింజలనుండి తీసేది స్థావరం, ప్రాణులనుండి లభించేది జంగమం. అందులో ముఖ్యమైనవి నాలుగు: సర్పిస్సు అంటే నెయ్యి, తైలము, వస అంటే మాంసపు కొవ్వు, మజ్జ అంటే ఎముకలలోని మూలుగ. నెయ్యి జంగమమేనన్న దాతగారి మాట నిజమే. అయితే నేతికి పాడి చాలు. వసకు వధ కావాలి. వైద్యశాస్త్రం రోగికి వసను కూడా విధించింది గాని, దేవతార్చన మార్గం వేరు. నాలుగింటిలోనూ చరకుడు నేతికే అగ్రపీఠమిచ్చాడు. తనతో కలిపి వండిన ద్రవ్యపు గుణాన్ని అది గ్రహిస్తుంది, తన గుణాన్ని విడువదు.

తైలమనే మాట తిలలనుండి పుట్టినది. మన సీమ పొయ్యిమీద కాగే వేరుసెనగ నూనెను ఋషులు ఎరుగరు. ఆ పంట దక్షిణ అమెరికానుండి వచ్చినది. అయినను అది స్థావరమే కనుక పులిహోర తాలింపునకు దానిని వాడుటలో నాకు దోషం కనబడదు.

చిక్కంతా వనస్పతితో వచ్చినది. 1937లో డాల్డా మన దేశపు అంగళ్ళకు వచ్చింది. నూనెకు హైడ్రోజన్ పట్టించి గడ్డకట్టించిన ఈ పదార్థాన్ని నేతిలో కలిపితే కంటికి తెలియదు. అందుచేతనే వనస్పతిలో నూటికి ఐదు పాళ్ళు నువ్వులనూనె ఉండితీరాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. అనుమానపు నేతికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యూరాల్ చేర్చి కుదిపితే, నువ్వుల జాడ ఉన్నచోట ఎఱుపు తేలుతుంది. తిలలే నేతికి కాపలా కాచినవన్నమాట! వస మాత్రం ఈ పరీక్షకు చిక్కదు. దానికి కొవ్వు ఆమ్లాలను విడదీసి చూచే ప్రయోగశాల కావాలి.

దాతలకు ఒక విన్నపం. దీపారాధనకని అమ్మే పొట్లాలలో కొన్నిటిపై ‘తినుటకు కాదు’ అని చిన్న అక్షరాలలో ఉంటుంది. అవి దీపాలకే ఇవ్వండి, పోటుకు పంపకండి. మంచి నెయ్యి ఇచ్చే స్తోమతు లేనివారు చవక నెయ్యి కొనకుండా, ఊరి గానుగలో ఆడించిన నువ్వులనూనె ఒక శేరు తెచ్చినా చాలు.