స్థానిక ప్రణాళికలో ప్రజల పాత్ర: ఏడుపాయల నుంచి మెదక్ దాకా

• ఏడుపాయల: మెదక్ జిల్లా పాపన్నపేట మండలం. మంజీర ఏడు పాయలయ్యే చోటు. వనదుర్గా భవాని ఆలయం, మహాశివరాత్రి జాతర.

• గ్రామసభ: 243ఎ అధికరణ, 73వ సవరణ. అమలు 24 ఏప్రిల్ 1993. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018: కనీసం రెండు నెలలకోసారి సభ.

• వార్డు కమిటీ: 243ఎస్, 74వ సవరణ. అమలు 1 జూన్ 1993. రాజ్యాంగం ప్రకారం 3 లక్షలు, ఆపై జనాభా ఉంటేనే తప్పనిసరి.

• మెదక్ పట్టణ జనాభా అంతకంటే తక్కువే. అయినా తెలంగాణ పురపాలక చట్టం 2019 ప్రకారం వార్డుకు 4 కమిటీలు: యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖ పౌరులు. (ముఖ్యం)

• పట్టణ ప్రణాళిక: 12వ షెడ్యూల్ 18 అంశాల్లో మొదటిది.

• జిల్లా ప్రణాళిక కమిటీ: 243జెడ్‌డి. కనీసం 4/5 వంతు సభ్యులు ఎన్నికైనవారు.

పరీక్షలో అడిగే అవకాశం: 243ఎ, 243ఎస్ తేడా. మార్కులతో ఆపకండి, జాతర వేళ తాగునీరు, పారిశుద్ధ్యంపై గ్రామసభలో లేచి అడగండి.