సహాయక కణము శత్రువును గుర్తించు విధము

రోగక్రిములతో పోరాడుటకు మన రక్తమునందు తెల్లకణములు కలవని విద్యార్థులు పాఠములలో చదివియుందురు. వానిలో సహాయక టి కణములనునవి ఒక తెగ. ఇవి క్రిములను భక్షింపవు, ప్రతిరక్షకములను తయారుచేయవు. ఆ పనులు చేయు కణములకు ఆజ్ఞ నిచ్చునవి మాత్రము ఇవియే. ఆజ్ఞ తప్పినచో స్వదేహమునకే హాని కలుగును. కావున ఇవి శత్రువును ఎట్లు గుర్తించునో ఇచట వివరింపదలచితిమి.

విరుదునగరపు వర్తకులు బస్తాలన్నిటిని విప్పి చూడరు. మచ్చు తెప్పించి, అరచేతిలో పోసికొని, సరకు గుణమును తేల్చుదురు. సహాయక కణమును అట్టిదే. అది క్రిమిని సమగ్రముగా చూడజాలదు. డెండ్రైటిక్ కణమను కావలి కణము క్రిమిని మ్రింగి, దాని మాంసకృత్తులను తునకలు చేయును. సుమారు 13 మొదలు 25 వరకు ఆమినో ఆమ్లములు గల తునకను ఎం.హెచ్.సి. రెండవ తరగతి అణువు దోసిలివలె పట్టి, కణము వెలుపలి పొరపై నిలుపును. ఈ తునకయే మచ్చు.

సహాయక కణముపై నుండు గ్రాహకము తునకను, దానిని పట్టిన దోసిలిని కలిపి చూచును. సి.డి.4 అను మఱియొక అణువు దోసిలిని తాకి ఆ పట్టును బలపఱచును. విడిగా తేలు తునకను గ్రాహకము గుర్తింపదు. రెంటిని కలిపి చూచు ఈ సూత్రమును 1974లో డోహర్టీ, జింకర్నాగెల్ అను శాస్త్రజ్ఞులు వేఱొక తెగ టి కణములలో కనుగొని, 1996లో నోబెల్ బహుమానము నందిరి.

ఒక్కొక్క కణమునకు ఒక్కొక్క తీరు గ్రాహకము. ఱొమ్ములోని థైమస్ గ్రంథియందు ఈ కణములకు పరీక్ష జరుగును. దోసిలిని బొత్తిగా గుర్తింపలేనివియు, స్వదేహపు తునకలను గట్టిగా పట్టుకొనునవియు చాలవఱకు అచటనే నశించును.

అయినను గుర్తింపు ఒక్కటియే చాలదు. కోవిల్పట్టి అగ్గిపెట్టెను గమనింపుడు. పుల్లను ఎచటబడిన నచట గీచిన వెలుగదు. పెట్టె ప్రక్కనున్న ఎఱ్ఱ భాస్వరపు పూతకు రాయవలెను. అట్లే కావలి కణము అపాయమును పసిగట్టినపుడు బి7 అను రెండవ గుర్తును చూపును. అది లేనిచో సహాయక కణము జడమైపోవును. రెండు గుర్తులును కుదిరినచో అది వృద్ధిచెంది, సైటోకైనులను విడిచి, భక్షక కణములకు బలమును, ప్రతిరక్షకములు చేయు బి కణములకు ప్రోత్సాహమును ఇచ్చును. కొన్ని జ్ఞాపక కణములుగా మిగులును.

ఈ జ్ఞాపకమును కంటితో చూడవచ్చును. క్షయ పరీక్షకై ముంజేతి చర్మమున ట్యూబర్కులిన్ అను క్షయక్రిమి మాంసకృత్తులను సూదితో ఎక్కింతురు. ఆ క్రిమిని ముందే ఎఱిగిన సహాయక కణములున్నచో 48 మొదలు 72 గంటలలో అచట గట్టి వాపు లేచును. తలిదండ్రులు దీనికి బెదరరాదు. బి.సి.జి. టీకా వలనను వాపు రావచ్చును. వ్యాధి యున్నదో లేదో కఫపరీక్ష, ఎక్స్‌రే మున్నగువానితో తేల్చవలెను.

మన దేశమున బి.సి.జి. టీకా 1948లో మదనపల్లెలో ఆరంభమైనది. అది క్రిమి మచ్చును పసితనముననే చూపి, మెదడు పొరల క్షయవంటి ఘోరరూపముల నుండి బిడ్డలను కాపాడును. కాని 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలైన పరిశోధన పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపజాలదని తేల్చినది.

సహాయక కణముల విలువ అవి నశించినపుడు మఱింత తెలియును. హెచ్.ఐ.వి. వైరసు సి.డి.4 అణువునే ద్వారముగా చేసికొని వానిలో చొచ్చును. మన దేశమున దాని జాడ 1986లో మదరాసున బయల్పడినది. ఈ కణములు తగ్గినవారిని క్షయ సులభముగా లోబఱచుకొనును. క్రిమి లోపలనున్నను ట్యూబర్కులిన్ వాపు రాకపోవచ్చును.

కావున భుజముపై టీకా మచ్చ కలదను ధైర్యముతో రెండు వారములకు మించిన దగ్గును ఉపేక్షింపరాదు. ప్రభుత్వ వైద్యశాలలలో క్షయ పరీక్షయు, మందులును ఉచితము. ఈ సంగతిని విద్యార్థులు ఇంటనున్న పెద్దలకు మన తెలుగున వివరింతురు గాక.