భూమి క్రయమందు చెల్లింపవలసిన సుంకములు, రుసుములు

భూమి కొనదలచిన రైతు ధర విషయమై నెలలకొలది బేరమాడును. దస్తావేజు ఖర్చును మాత్రము చిట్టచివర తలచుకొని, అది భారమని తోచినయెడల తెల్లకాగితముపై సాక్షుల సంతకములు చేయించి పని ముగించుకొనును. తెలంగాణమున దీనిని సాదాబైనామా యందురు. ఆనాడు మిగిలిన సొమ్ము తరువాత ఎట్లు పోవునో రైతులు తెలిసికొనవలెను.

తెలంగాణ రాష్ట్రమున 2021 జూలై 22వ తేది నుండి అమలులోనికి వచ్చిన ఉత్తరువు ప్రకారము విక్రయ దస్తావేజుపై నూటికి స్టాంపు సుంకము 5.5 రూపాయలు, బదిలీ సుంకము 1.5, రిజిస్ట్రేషను రుసుము 0.5, వెరసి 7.5 రూపాయలు. రెండెకరముల విలువ 10 లక్షలైనచో ఇది 75,000 రూపాయలగును. పట్టా మార్పునకు ఎకరమునకు 2,500 చొప్పున మఱి 5,000 చేర్చుకొనవలెను. వేఱు ఒడంబడిక లేనిచో స్టాంపు ఖర్చు కొనువానిదే. విక్రయదినము వఱకు గల శిస్తు మొదలగు సర్కారు బాకీలు అమ్మువానివి.

వ్రాసిన ధర, సర్కారు కట్టిన విలువ, ఈ రెంటిలో హెచ్చైనదానిపైననే సుంకము లెక్కింతురు. ధర తగ్గించి వ్రాయించువారు మఱియొకటి యోచింపవలెను. 2013 నాటి భూసేకరణ చట్టము ప్రకారము నష్టపరిహారము కట్టునపుడు సమీప భూముల దస్తావేజులలోని ధరలనే చూతురు. నేడు తగ్గించి వ్రాసిన అంకె రేపు తన పొలమునకును, పొరుగువాని పొలమునకును కొలబద్ద కావచ్చును.

ఇక సాదాబైనామా మాట. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ననుసరించి 100 రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు కానిదే హక్కు సంక్రమింపదు. కొన్నవాడు ఇరువదియేండ్లు దున్నినను పట్టా అమ్మినవాని పేరనే యుండును. అతడు గతించిన పిదప కుమారులు ఆ కాగితము నెఱుగమనిన, కొన్నవాని గతి యేమి? 2018లో రైతుబంధు సొమ్ము పంచునపుడు పాసుపుస్తకము లేక, దున్నువారే చేతులు కట్టుకొని చూచుచుండిరి.

2025 ఏప్రిలు 14న అమలులోనికి వచ్చిన భూభారతి చట్టము ఇట్టివారికి కొంత దారి చూపినది. కాని అది 2020 అక్టోబరు 12 మొదలు నవంబరు 10 వఱకు దరఖాస్తు పెట్టుకొనిన చిన్న, సన్నకారు రైతులకే పరిమితము. 2014 జూన్ 2కు ముందు కొని, పండ్రెండేండ్లు అనుభవములో నుండవలెను. ఇప్పుడు క్రొత్తగా తెల్లకాగితము వ్రాయించుకొనువానికి అందు చోటు లేదు.

వ్యవసాయ భూమికి తహసీలుదారే దస్తావేజు రిజిస్టరు చేసి, అదే సమయమున పట్టాయు మార్చును. 2020కి పూర్వమువలె రెండు కచేరీలు తిరుగ నక్కఱలేదు. వారసత్వమున వచ్చిన పొలమునకు విక్రయ సుంకము లేదుగాని పట్టా మార్పునకు దరఖాస్తు తప్పదు. బయానా ఇచ్చుటకు ముందే సర్కారు విలువను, అమ్మువాని పేరనున్న పట్టాను, సర్వే నంబరును, విస్తీర్ణమును సరిచూచుకొని, పైన జెప్పిన ఖర్చును ధరతో కలిపి సొమ్ము సిద్ధపఱచుకొనవలయును.