ఇంటర్నెట్టు టెలిఫోనునకు రౌటరు ద్వారము తెఱచు విధము

భూపాలపల్లి బొగ్గుగనులలో పనిచేయు తండ్రి, జనగామ వసతిగృహమందున్న కుమారుని క్షేమమడుగుటకు ఇంటర్నెట్టు టెలిఫోనుతో పిలిచెననుకొందము. గంట మ్రోగును, బాలుడు ఫోను ఎత్తును, కాని తండ్రి మాట అతనికి వినబడదు. యంత్రము చెడలేదు. దోషమెక్కడ నున్నదో విద్యార్థులకును తల్లిదండ్రులకును తెలియుట మేలని యీ పాఠమును వ్రాయుచున్నాము.

ఇంటర్నెట్టునందు పాత పద్ధతి చిరునామాలు సుమారు 430 కోట్లు మాత్రమే. అందుచేత ఒక పాఠశాలలోని యంత్రములన్నిటికిని బయట ఒక్కటే చిరునామా యుండును, లోపల 192.168 అని మొదలగు వేఱు చిరునామాలుండును. ఈ రెంటి నడుమ రౌటరు కావలివాడు. లోపలివారు పంపినదానికి వచ్చిన ప్రత్యుత్తరమును అతడు వారికే చేర్చును. అడుగకయే వచ్చినదానిని ఎవరికీయవలెనో తెలియక విడిచిపెట్టును. పేరులేని యుత్తరము వసతిగృహమునకు వచ్చినచో ఏ బాలునికి చేరును?

ఆ పేరువంటిదే పోర్టు సంఖ్య. పిలుపును కుదుర్చు సిప్ అను పద్ధతి సాధారణముగా 5060వ పోర్టును వాడును. మాట మాత్రము వేఱు పోర్టులలో వచ్చును. ఆస్టెరిస్కు అను ఎక్స్‌చేంజి సాఫ్టువేరునందు అవి మామూలుగా 10000 మొదలు 20000 వఱకు. మొదటి ద్వారము తెఱచి రెండవవానిని మఱచినచో గంట మ్రోగును, మాట రాదు.

సంస్థవారి సేవతో నేరుగా కలియు ఫోనునకు తఱచుగా ఈ పని యక్కఱలేదు. పాఠశాల తన ఎక్స్‌చేంజిని తానే యుంచుకొని, మహబూబాబాదు, భూపాలపల్లి మొదలగు చోట్లనుండి పిలుపులనందుకొనునప్పుడే కావలెను. ముందుగా రౌటరు బయటి చిరునామాను చూడుడు. అది 100.64 మొదలు 100.127 లోపల నున్నయెడల, సంస్థవారు దానిని పలువురకు పంచియిచ్చిరని యర్థము. మన రౌటరులో ద్వారము తెఱచినను ఫలము లేదు. సొంత చిరునామాను వారినడుగవలెను.

పిమ్మట చేయవలసినవి:

1. ఎక్స్‌చేంజికి లోపలి చిరునామా మాఱకుండ స్థిరపఱచుడు.

2. రౌటరులోని పోర్టు ఫార్వర్డింగు పుటలో 5060ను, మాటల పోర్టులను యు.డి.పి. క్రింద ఆ చిరునామాకు చూపుడు.

3. ఎక్స్‌చేంజికి బయటి చిరునామాను తెలుపుడు. లేనిచో అది లోపలి చిరునామానే అవతలివారికి చెప్పును. మాట దారి తప్పును.

4. సిప్ ఎ.ఎల్.జి. యను సదుపాయమును ఆపుడు. అది తఱచు సాయముకంటె చెఱుపే యెక్కువ చేయును.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. తెఱచిన 5060వ పోర్టును వెదకు దొంగ ప్రోగ్రాములు రేయింబవళ్లు తిరుగుచుండును. రహస్యపదము బలహీనమైనచో అవి మన ఎక్స్‌చేంజిగుండ విదేశములకు పిలుచును. బిల్లు మనకు వచ్చును. కావున రౌటరునకును ప్రతి ఫోనునకును దీర్ఘమైన రహస్యపదముల నుంచుడు. ఎఱిగిన చిరునామాలనే రానిండు. చిరునామా మాఱుచుండు దూరపు ఫోనులకు వి.పి.ఎన్. మార్గము మేలు. అక్కఱలేని విదేశపు పిలుపులను నిలుపుడు. పని ముగిసిన ద్వారమును మూయుడు. తెఱచుట నేర్చినవారు మూయుటయు నేర్వవలెను.